అట్టముక్క మీద రాసిన ఇల్లు

పద్నాలుగో వారం

పోయిన వారం ఒడెస్సా ప్రూయిట్‌ని, ఇంటి లోన్లు ఇప్పించే టీగ్ ఆఫీసు బయట, కారు అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ వేసుకుంటుండగా వదిలిపెట్టాం. పదమూడు వారాలుగా ఈవిడ వెంట తిరుగుతున్నాం కదా, సోకు చేసుకోగా చూడడం అదే మొదలు. కారణం లేకపోలేదు. ఐపీ పెట్టాక కోర్టువారు ఆమె బాకీలు కొట్టేసి ఆ బుధవారానికి సరిగ్గా రెండేళ్ళు నిండాయి. మాజీ సైనికులకిచ్చే ఇంటి లోన్ కావాలంటే దివాలా తీసినవాళ్ళు రెండేళ్ళు ఆగాలన్నారు. ఆగింది. ఇరాక్‌లో సార్జెంట్‌గా మిలిటరీ లారీ తోలినప్పుడు కూడా ఆవిడ రోజులు ఇంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు.

ఈ వారమే మనతో చేరినవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఒడెస్సా భర్త కార్నెల్ మా లాటన్‌లో, సైనిక స్థావరం గేటు ముందు, మాంసం కాల్చి అమ్మే బండి నడిపేవాడు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి పడిపోయాడు. ఆసుపత్రి ఖర్చు బండినీ మింగింది, బ్యాంకులో ఉన్నదాన్నీ మింగింది, చివరికి ఐపీ దాకా తెచ్చింది. ఇప్పుడతను గంటన్నర దూరంలో ఓక్లహోమా సిటీలో ఒక నర్సింగ్ హోమ్‌లో చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆవిడేమో ఇక్కడ లిఫ్టు లేని రెండో అంతస్తులో ఒక్క గదిలో ఉంది. కింద వాటాలు అద్దెకిచ్చేవాళ్ళు దివాలా మాట వినగానే తలుపేస్తున్నారు. కార్నెల్‌కి మిగిలిన మాటలు నాలుగో అయిదో. అందులో ఒకటి "ఇంటికి". ప్రతి ఆదివారం ఆమె అతని గదిలో అడుగు పెట్టగానే ఆ మాట అంటాడు. వెళ్ళొస్తానని లేచినప్పుడు మళ్ళీ అంటాడు. రెండోసారి వినలేక ఆవిడ ఈమధ్య చెప్పకుండా వచ్చేస్తోంది.

అందుకే అమ్మకానికొచ్చిన వెర్నా హిక్స్ ఇల్లు. ఇటుక ఇల్లు, ఒకటే అంతస్తు, గుమ్మానికి మెట్టు లేదు. ఒడెస్సా తన నడుము బెల్టుతో కార్నెల్ కుర్చీ వెడల్పు కొలిచి, అదే బెల్టు పట్టుకెళ్ళి ఆ ఇంటి తలుపులన్నీ కొలిచింది. అన్నిట్లోంచీ కుర్చీ పడుతుంది, స్నానాల గదితో సహా. వెర్నా భర్త కూడా సైన్యంలోనే, ఫిరంగి దళంలో చేసి పోయినవాడు. "శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వనమ్మా, ఆ తర్వాత నా కొడుకు ఒప్పుకోడు" అని ముసలావిడ ఖరాఖండీగా చెప్పింది.

ఇప్పుడు లోపలికి వెళదాం.

గార్లండ్ టీగ్ అప్పులిప్పించే మనిషే గాని చెడ్డవాడు కాదు. నౌకాదళంలో వంటవాడిగా చేసి వచ్చాడు. సైన్యంవాళ్ళకి నౌకాదళంవాళ్ళంటే వరసైన బావమరుదులతో సమానం, నోరూరుకోదు. ఒడెస్సా ఒక రేకు పళ్ళెంలో పీచ్ పళ్ళు పరిచి, పైన పిండి కప్పి కాల్చిన కాబ్లర్ తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. సంతకాల రోజు కదా అనుకుంది పాపం.

"ఏం నేవీ, పళ్ళెం వంక చూడవేం? నీ వంట నువ్వే తిని బతికి బట్టకట్టినవాడివి. నా వంటకి భయపడతావా?"

మామూలుగా అయితే ఈ మాటకి రెండు మాటలు తిరిగొచ్చేవి. ఆరోజు రాలేదు.

"కూర్చోండి సార్జెంట్."

"కూర్చునే ఉన్నాను."

"ఆ... అవును."

అతని ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆమె అర్హత పత్రం. సైన్యంలో చేసినవాళ్ళకి ఇంటి లోన్ హక్కు ఎంతుందో, అందులో ఎంత వాడుకున్నారో చెప్పే కాగితమది. రెండోది క్రెడిట్ రిపోర్టు. ఆర్నెల్ల క్రితం దాని పైపై సారాంశం చూసి ఇద్దరూ స్కోరుకి మురిసిపోయారు. పూర్తి రిపోర్టు మాత్రం అతను ఆరోజు పొద్దున్నే తీశాడు.

"మీకు టెక్సస్‌లో ఇల్లుందా?" అని అడిగాడు టీగ్.

"నాకా! ఇల్లుంటే నీ మొహం చూడ్డానికి రెండేళ్ళు ఆగుతానా?"

"కిలీన్‌లో. కాటన్‌వుడ్ వీధి."

ఒడెస్సా గట్టిగా నవ్వేసింది. "అదా! చచ్చేంత భయపెట్టావు కదయ్యా. అది ఎలీసియోది. ఎలీసియో బరేరా. నా లారీ మీద గన్ను పట్టుకున్న కుర్రాడు. ఆ ఇల్లు వాడికిచ్చేసి పదిహేనేళ్ళు."

"ఇచ్చేశారంటే? అమ్మారా?"

"ఇచ్చేశాను."

"రిజిస్ట్రేషన్?"

"మాటిచ్చాను టీగ్."

దూరంగా స్థావరంలో ఫిరంగి పేలింది. కిటికీ అద్దం గలగలలాడింది. మా ఊళ్ళో ఎవరూ దానికి తల తిప్పరు, వాళ్ళిద్దరూ తిప్పలేదు.

బయటివాళ్ళకి ఇది పిచ్చిపనిలా కనిపిస్తుందని నాకు తెలుసు. కానీ సైనికుల ఊళ్ళలో ఇళ్ళు ఇలాగే చేతులు మారేవి. ఒడెస్సా కిలీన్‌లో ఇల్లు కొనుక్కుని ఉండగా, నెల తిరిగేలోపు జర్మనీకి బయల్దేరమని ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది ఇళ్ళ ధరలు పాతాళానికి పడిపోయి ఉన్నాయి, కొనే నాథుడు లేడు. పక్కనేమో ఎలీసియో. రోడ్డు మీద బాంబు పేలి లారీ అంటుకున్నప్పుడు తలుపు ఊడబెరికి ఆమెని బయటికి లాగినవాడు. ఆ ఎర్రగా కాలిన తలుపు పట్టుకున్నందుకు రెండు చేతుల చర్మం పోయింది. చేతులు సరిగా ముడవని మనిషికి సైన్యంలో చోటు లేదన్నారు. ఉద్యోగం లేనివాడి పేరుకి లోన్ మార్చేది లేదని బ్యాంకు తెగేసి చెప్పింది. కొత్తగా పెళ్ళయింది, భార్య కడుపుతో ఉంది. ఒడెస్సా ఏం చేస్తుంది? సైన్యంలో ఇచ్చే పొడి భోజనం పాకెట్లు వచ్చే అట్టపెట్టె చింపి, దాని మీద మార్కర్‌తో రాసింది. "ఈ ఇల్లు ఈరోజు నుంచి ఎలీసియోది. నెలనెలా లోన్ వాడే కడతాడు." ఇద్దరూ సంతకం పెట్టారు. అతనికి పెన్ను పట్టు చిక్కక బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర కూడా వేశాడు. కాగితాలు తర్వాత చూసుకుందాంలే అనుకున్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడు వస్తుందో మనందరికీ తెలిసిందే.

"మీ స్కోరు అంత బాగా ఎలా లేచిందా అని అప్పుడు మనం సంబరపడ్డాం గుర్తుందా?" అన్నాడు టీగ్. "అది మీవల్ల కాదు సార్జెంట్. అతనివల్ల. పదిహేనేళ్ళుగా మీ పేరు మీద ఒక్క నెల తప్పకుండా కడుతున్నాడు."

"చూశావా మరి!" అంది ఒడెస్సా. ఆమె మొహంలో గర్వం చూసి టీగ్ తల దించుకున్నాడు. అసలు మాట ఇంకా చెప్పలేదు.

"ఐపీ పెట్టినప్పుడు కాగితాల్లో ఈ ఇల్లు చూపించారా?"

ఆమె నవ్వు ఆగింది.

లాయర్‌కిచ్చుకునే స్తోమత లేక ఆ కాగితాలన్నీ ఒడెస్సా తనే నింపింది. ఏ రాష్ట్రంలోనైనా మీ పేర ఇల్లుగానీ స్థలంగానీ ఉందా అని ఒక ప్రశ్న. లేదు అన్నచోట టిక్కు పెట్టింది. ఆలోచించనైనా లేదు. తర్వాత కోర్టు నియమించిన అధికారి ఫోన్‌లో ప్రమాణం చేయించి అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. వంటగదిలో తనని చూసేవాళ్ళెవరూ లేకపోయినా ఒడెస్సా లేచి నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, లేదు సార్ అంది. ఆవిడ అబద్ధమాడలేదు. ఆవిడ లెక్కలో ఆ ఇల్లు ఆవిడది కాదు.

"నేను దొంగతనం చేశానంటావా?"

"నేననను. నేను లాయర్నీ కాను. కానీ కౌంటీ రికార్డులో ఇల్లు మీది. ప్రమాణం చేసి లేదన్నారు. ఇప్పుడు నా దరఖాస్తులోనూ అదే ప్రశ్న ఉంది, మీకు వేరే ఇల్లుందా అని. చూడనట్టు ఉండడం నా చేతిలో లేదు."

"నా చేతిలో ఏముందో అది చెప్పు."

టీగ్ పళ్ళెం పక్కకి జరిపాడు. "లేదని రాస్తే నేరం. అది నేను రాయనివ్వను. ఉందని రాస్తే మీ ఐపీ కేసు మళ్ళీ తెరుస్తారు. ఆ ఇల్లు ఇప్పుడు అప్పటికి రెట్టింపు ధర. అధికారి దాన్ని అమ్మించి మీ పాత బాకీలవాళ్ళకి పంచే అవకాశమే ఎక్కువ. తెలియక చేశారని జడ్జి నమ్మితే మీ దారి శుభ్రమవుతుంది. నెలలు పడుతుంది, కానీ లోన్‌కి మళ్ళీ వీలుంటుంది. వెర్నా గారి ఇల్లు పోయినా ఇంకోటి దొరుకుతుంది. కార్నెల్ ఇంటికొస్తాడు."

"ఎలీసియో రోడ్డు మీదకొస్తాడు."

అతను అర్హత పత్రాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

"మూడోది?"

"ఈరోజే మీ దరఖాస్తు మీరే వెనక్కి తీసుకుంటారు. నా ఫైలు మూసేస్తాను. నేను ఎవరికీ ఏమీ పంపక్కర్లేదు. కిలీన్ ఇల్లు అలాగే పడుకుని ఉంటుంది. మీకు మాత్రం..." అని ఆగి, "ఇంక లోన్ లేదు సార్జెంట్. ఎప్పుడు ఎవరి దగ్గర అడిగినా ఈ కాగితం ఇలాగే లేస్తుంది" అన్నాడు.

రెండేళ్ళు. ఏడువందల ముప్ఫై రోజులు వంటగది గోడ మీద క్యాలెండర్లో గీతలు పెట్టింది. పగలు స్కూలు బస్సు, సాయంత్రం గిడ్డంగి పని. ఒక్క బిల్లు ఆలస్యం కానివ్వలేదు. ఇదంతా చేసి ఆవిడ ఎదురుచూసింది ఈ బుధవారం కోసమే. దేవుడనేవాడు ఉంటే ఇలాంటి లెక్కలు ఎందుకు వేస్తాడో నాకైతే ఈనాటికీ బోధపడలేదు.

"ఇంకోటుంది," అన్నాడు టీగ్ నెమ్మదిగా. "పోయిన నెల వాయిదా కట్టలేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి."

ఒడెస్సా చప్పున తలెత్తింది. "వాడా? వాడు కట్టకపోవడమేంటి? తుఫానులో కరెంటు పోతే పక్క ఊరెళ్ళి కట్టొచ్చినవాడు వాడు. రిపోర్టు తప్పు."

"ఫోన్ చేసి కనుక్కోండి. నేను బయటుంటాను. అయిదింటికి ఆఫీసు మూయాలి, ఆలోపు..." అని మాట పూర్తి చెయ్యకుండానే బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ఫోన్ మోగుతూనే ఉంది. ఎలీసియోతో చివరిసారి మాట్లాడింది క్రిస్మస్‌కి. అప్పుడు దగ్గుతున్నాడు. "ఇరాక్ పొగ, సార్జెంట్. ఇంకా అద్దె కట్టకుండా లోపలే కూర్చుంది" అని జోకు వేశాడు. తర్వాత కార్నెల్ గొడవలో పడి తనూ చెయ్యలేదు. తిడతాడు వెధవ. తిట్టనీ.

"హలో?" ఆడగొంతు. అతని భార్య గ్రాసియెలా.

"నేను తల్లీ, ఒడెస్సాని. మావాడేడీ? పని నుంచి వచ్చాడా?"

అటువైపు కుర్చీ లాగిన చప్పుడు.

"సార్జెంట్... ఆయన మార్చిలో పోయారు."

ఒడెస్సా ఫోను చెవి మీంచి తీసి, దాని వంక చూసి, మళ్ళీ చెవికి పెట్టుకుంది.

"ఊపిరితిత్తులు," అంటోంది గ్రాసియెలా. "నెల్లాళ్ళలో అయిపోయింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. సార్జెంట్ నెత్తి మీద అసలే కార్నెల్ బరువుంది, తెలిస్తే తినడం మానేసి డబ్బు పంపుతుంది అన్నారు. నన్ను తిట్టకండి. పిల్లల చేత కూడా ఒట్టు వేయించారు."

"నేను రావాల్సింది," అంది ఒడెస్సా. "వాణ్ణి మొయ్యాల్సింది నేను. వాడు నన్ను మోశాడు."

ఆవిడ ఏడ్చింది. పరాయి ఆఫీసులో, పరాయి బల్ల ముందు, వేసుకున్న లిప్‌స్టిక్ అంతా అరచేతికి అంటుకునేలా నోరు నొక్కుకుని ఏడ్చింది. ఐపీ రోజున ఏడవలేదు. కార్నెల్‌కి మాట పడిపోయిన రోజున ఏడవలేదు. అటు గ్రాసియెలా కూడా ఏడుస్తోంది, అయిదు నెలలుగా ఒంటరిగా ఏడ్చి ఇవాళ తోడు దొరికినట్టు.

కాసేపటికి గ్రాసియెలాయే ముక్కు తుడుచుకుని అంది. "నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను సార్జెంట్. ఒట్టు తీసి గట్టున పెట్టైనా సరే. పోయిన నెల వాయిదా ఆగింది. డబ్బు లేక కాదు. ఆయన ఖాతా బ్యాంకువాళ్ళు మూసేశారు, డబ్బు దాంట్లోంచే వెళ్ళేదట. నేను లోన్ కంపెనీకి ఫోన్ చేసి, ఇంటి యజమాని భార్యని, నా ఖాతాలోంచి తీసుకోండి అన్నాను. నా పేరు అక్కడ లేదన్నారు. మా ఆయన పేరూ లేదన్నారు."

"అవును తల్లీ."

"నాకు కోపం వచ్చింది. మా హాల్లో ఆ అట్టముక్క ఉంది కదా, ఆయన ఫ్రేము కట్టించి పెట్టింది? ఇదిగో మా కాగితం అని దాని ఫొటో తీసి పంపాను. ఆ అమ్మాయి ఇదేంటండీ అని నవ్వింది. నవ్వింది సార్జెంట్! వాళ్ళకి మీరెవరో ఏం తెలుసు? ఆయన పోయే ముందు రోజు కూడా నాకు ధైర్యం చెప్పారు. 'గోడలకి పగుళ్ళొస్తే భయపడు గ్రాసియెలా, ఇంటికి మాత్రం భయం లేదు. అది సార్జెంట్ మాట మీద నిలబడి ఉంది' అన్నారు."

బయట మళ్ళీ ఫిరంగి పేలింది. బల్ల మీద రేకు పళ్ళెం సన్నగా చప్పుడు చేసింది.

"మా పెద్దమ్మాయి వినాలంటోంది, స్పీకర్లో పెట్టాను," అంది గ్రాసియెలా. "పద్నాలుగు నిండాయి దానికి. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి రాత్రి పడుకునే ముందు తలుపులన్నీ అదే చూసుకుంటుంది. ఎవరైనా వచ్చి పొమ్మంటారా అని రోజూ నన్ను అడుగుతోంది. నేను చెప్తే నమ్మట్లేదు. మీరొక్క మాట చెప్పండి. ఈ ఇల్లు మాదేగా సార్జెంట్?"

ఒడెస్సా ఎదురుగా దరఖాస్తు ఉంది. కళ్ళు తుడుచుకోకుండానే చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ఉందా ప్రశ్న. పక్కనే అవును, కాదు అన్న రెండు గళ్ళు. ఆమె నడుముకి ఉన్న బెల్టు మీద కార్నెల్ కుర్చీ వెడల్పు దగ్గర పెట్టుకున్న సున్నపుముక్క గీత ఇంకా చెరగలేదు. శుక్రవారం వెర్నా హిక్స్ కొడుకు వస్తాడు. ఆదివారం తను నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాలి. వెళ్ళగానే అతను ఆ ఒక్క మాట అంటాడు. ఈసారి దానికి ఏం చెప్పాలి?

"సార్జెంట్? ఉన్నారా?"

"ఉన్నాను."

"మాదేగా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచింది ఒడెస్సా. కేసు గురించి, కోర్టు గురించి, తన టిక్కు గురించి చెప్పాలనే తెరిచింది. ఫోన్లో ఆ పిల్ల ఊపిరి వినిపించింది. అచ్చం వాళ్ళ నాన్నలా, ముక్కుతో కాదు, నోటితో పీలుస్తోంది.

"మీదే తల్లీ," అంది. "మిమ్మల్ని ఎవరూ పొమ్మనరు. నా మాట."

పదిహేనేళ్ళ కిందట అట్టముక్క మీద రాసిన మాటే. అప్పుడు ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఇల్లుంది. ఇప్పుడు ఇచ్చింది కార్నెల్‌ని.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే తలుపు తీసి ఉంది. గార్లండ్ టీగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో దరఖాస్తు వెనక్కి తీసుకునే కాగితం. ఇంకో చేతిలో ఫోన్.

"వెర్నా గారు ఫోన్ చేశారు," అన్నాడు. "శుక్రవారం దాకా కూడా ఆగలేదు. కొడుకుతో పోట్లాడి, ఇల్లు మీకే ఇస్తానని సంతకం పెట్టేశారు. మీ సంతకమొక్కటే తక్కువ. లైన్లోనే ఉన్నారు. కార్నెల్ గదికి ఏ రంగు వేయించమంటారో అడుగుతున్నారు."

అతను ఫోన్నీ, కాగితాన్నీ రెంటినీ ఆమె వైపు చాచాడు.

"చెప్పండి సార్జెంట్. సంతకం పెట్టి వెనక్కి తీసుకుంటారా, లేక ఆ కిలీన్ ఇల్లు మీదని రాయమంటారా?"